కీబోర్డు వాయించిందెవరు?

దోమలగూడ నుంచి చిక్కడపల్లి త్యాగరాయ గానసభకు నడిచే వెళ్తాను. సినీ సంగీత విభావరి ఏదైనా నా చూపంతా కీబోర్డు మీదే. ఆ కళాకారులు ఎడమ చేత్తో వయొలిన్ల వరస పట్టి, కుడి చేత్తో ఫ్లూట్ బిట్ పలికిస్తూ, చరణం అందుకునేలోగా మీట నొక్కి సితార్‌కు మారిపోతారు. 1986లో ఇళయరాజా 'పున్నగై మన్నన్'కు చేసిన సింథసైజర్ థీమ్ వింటే ఇప్పటికీ ఒళ్లు పులకరిస్తుంది. ఆ తమిళ సినిమానే తెలుగులో మన 'డాన్స్ మాస్టర్'.

చాలా సభల్లో గాయకులకు శాలువాలు, కీబోర్డు కళాకారుడికి పేరైనా చెప్పరు. ఇదేం న్యాయం? రాజ్-కోటి దగ్గర కీబోర్డు వాయించిన దిలీపే తర్వాత ఏ.ఆర్.రెహమాన్ అయ్యి 2009లో రెండు ఆస్కార్లు అందుకున్నారు. నిర్వాహకులు పాటకు ముందే గాయకుల పేర్లతో పాటు కీబోర్డు కళాకారుడి పేరూ చెప్పాలి. బిట్ అయిపోగానే చప్పట్లు కొట్టడం మన వంతు.