‘షాడో’ వస్తే అన్నం చల్లారాల్సిందే!

మార్కాపురం పలకల మీద అఆలు దిద్దినవాళ్లు ఊరూరా ఉంటారు. ఆ పలకలకు చెక్క చట్రాలు బిగించిన ఓ పెద్దాయన మాత్రం బడి చదువు ఐదో తరగతితో ఆపేసి, మిగతాది మధుబాబు దగ్గర పూర్తిచేశారు. అద్దె పుస్తకాల షాపులోకి కొత్త ‘షాడో’ వచ్చిందంటే ఆ రాత్రి కంచంలో అన్నం చల్లారాల్సిందే.

ఇంటావిడది వేరే పార్టీ. 1960ల్లో ‘జ్యోతి’ మాసపత్రికలో సీరియల్‌గా వచ్చిన యద్దనపూడి సులోచనారాణి ‘సెక్రటరీ’ ఆమెకు కంఠతా. 1976లో అక్కినేని, వాణిశ్రీలతో అది సినిమా అయితే, చూసొచ్చి పుస్తకమే నయమని తేల్చేశారు. కార్లలో తిరిగే రాజశేఖరాలు మన కంభం, గిద్దలూరు వైపు ఎక్కడున్నారే అని ఆయన ఎకసెక్కం. మీ షాడో తన్నినంతమంది ఈ తాలూకాలోనే లేరు పొండి అని ఆమె జవాబు.

రాజీ కుదిరింది ఒక్క యండమూరి దగ్గరే. ‘తులసిదళం’ ఆంధ్రభూమి వీక్లీలో వస్తున్నన్నాళ్లూ ఎవరు ముందు చదవాలన్నదే తగాదా. చదివాక, రాత్రిపూట పెరట్లోకి ఇద్దరూ కలిసే వెళ్లేవారట!

అద్దె షాపు ఎప్పుడో సెల్‌ఫోన్ల దుకాణమైపోయింది. 2018 మేలో యద్దనపూడి అమెరికాలో కన్నుమూశారని పేపర్లో చూసి, ఆమె ఆ పూట పొయ్యి వెలిగించలేదు. ఆయన హోటల్ నుంచి ఇడ్లీలు తెచ్చిపెట్టి, ‘సెక్రటరీ’ అడిగి తీసుకున్నారు. అన్నేళ్లలో అదే మొదటిసారి.

తీరా చూస్తే అద్దె షాపు పాత కాపీ కదా, ఆఖరి నాలుగు పేజీలు లేవు. అర్ధరాత్రి ఆమెను లేపి చెప్పించుకున్నారు.