గృహవస్తు సంరక్షణము: ఎలక్ట్రిక్ గిటారుపై పెచ్చూడిన రంగు



వీణయు హార్మోనియమును ఉండెడి గృహములలో నేడు పిల్లలు ఎలక్ట్రిక్ గిటారును గూడ నభ్యసించుచున్నారు. అది బల్ల యంచునకో, తలుపునకో తగిలి గోరంత పెచ్చు ఊడుట సామాన్యము. పిల్లలు భయపడి దానిని దాచుటయు, బయటపడిన పిమ్మట పెద్దలు చేతికందిన ద్రవముతో తుడువబూనుటయు అంతకంటె సామాన్యము. గోరంతది కొండంత యగుట ఈ తుడుపుతోనే.

పెచ్చూడినంత మాత్రమున నాదము చెడదు. ఉక్కుతీగెల కంపనమును వాని క్రిందనున్న అయస్కాంతపు తీగచుట్టలు గ్రహించుటచేతనే ఈ వాద్యము పలుకుచున్నది. ఐర్లండు దేశపు వాదకుడు రోరీ గల్లఘర్ తన 1961 నాటి స్ట్రాటోకాస్టరు గిటారుపై రంగు చాలవరకు పోయినను దానినే దశాబ్దములు వాయించెను. కావున మనము చేయు మరమ్మతు రంగు మరింత లేవకుండుటకును, కఱ్ఱకు చెమ్మ తగులకుండుటకును, కంటి కింపుగా నుండుటకును మాత్రమే.

మొదట ఆ పూత యే జాతిదో తెలిసికొనవలెను. 1950 ప్రాంతమున అమెరికాలో ఇట్టి గిటారులకు నైట్రోసెల్యులోజు లాకరు పూసెడివారు. ఆనాటి మోటారుకార్ల రంగులును, మన గోళ్ళరంగును ఈ పదార్థముతో జేయబడినవే. ద్రావకము ఆవిరియైనపుడు ఇది గట్టిపడును. ద్రావకము మరల తగిలినచో కరగును. 1960ల చివరినుండి పాలియెస్టరు, పాలియూరితేను పూతలు వ్యాపించినవి. ఇవి రసాయన సంయోగముచే గట్టిపడునవి గావున మరల కరగవు. గోళ్ళరంగు తుడుచు అసిటోను రెండవజాతిని సాధారణముగా నేమియు చేయదు. మొదటిదానిని క్షణములో పాడుచేయును. వెనుక మూత క్రింద, కనబడని రంగుమీద, దూదిపుల్లతో ఒక్క బొట్టు అద్ది చూచినచో సంగతి తేలును.

మెత్తబడినచో ఆ గిటారు జోలికి పోకుడు. అది పాతకాలపుదైన పక్షమున రంగంతయు గీకి కొత్తది వేయించినచో విలువ మిక్కిలి తగ్గును. నిపుణునకు చూపుటయే మేలు.

మెత్తబడనిచో ఇంటనే బాగుచేయవచ్చును. తీగెలు విప్పి, అయస్కాంతపు చుట్టలపై కాగితపు టేపు అంటింపుడు. లేచియున్న రంగు పెళుసులను తీసివేసి, గుంటను పొడిగుడ్డతో తుడువుడు. సరిపడు గోళ్ళరంగును పలుచగా నద్ది ఒకదినము ఆరనిండు. పిదప ఫెవిక్విక్ వంటి తక్షణపు జిగురును, పుల్లకొనతో బొట్టుబొట్టుగా, ఒకటి గట్టిపడిన పిమ్మట మరియొకటి చొప్పున, గుంట నిండి కొంచెము ఉబ్బువరకు వేయుడు. ఒకదినము కదల్పకుడు. తరువాత క్షౌరపు బ్లేడు రెండు కొనలకును టేపు చుట్టి, నడిమి భాగముతో ఆ ఉబ్బును మెల్లగా గీకి మట్టము చేయుడు. 800, 1000, 1500, 2000 నెంబర్ల ఉప్పుకాగితములను ఈ వరుసనే తడిపి రుద్ది, కడపట కారు పాలిషుతో మెఱుగు పెట్టవలెను. మర బిగించు రంధ్రములలోనికి నీరు పోరాదు. కఱ్ఱ ఉబ్బి చుట్టునున్న పూత పగులును. ఉక్కుపీచు వాడరాదు, దాని పొడి అయస్కాంతములకు అంటుకొనును.

ముఖ్యమైన హెచ్చరిక: ఈ జిగురు నూలుగుడ్డపై ఒలికినచో మిక్కిలి వేడెక్కి పొగలు గ్రమ్మును, చర్మమును కాల్చును. కావున దానిని గుడ్డతో తుడువరాదు. కిటికీలు తెఱచి, కండ్లకు అద్దములు పెట్టుకొని, చిన్నపిల్లలను దూరముగా నుంచి పని చేయవలెను. అసిటోను సీసాను పొయ్యి దగ్గర నుంచరాదు.

ఈ పనికి కావలసినది నేర్పుకంటె ఓర్పు. ఎదిగిన పిల్లలచేత, పెద్దలు చెంతనుండి చేయింపుడు. తాను బాగుచేసిన వస్తువును బిడ్డ తానే కాపాడుకొనును. పైగా వస్తువు చెడినపుడు దాచవలసిన పనిలేదనియు గ్రహించును.