కెమెరా వెనక మనిషి

సరదాకి ఫోటోలు తీసేవాడితో షికారు వెళ్ళడం ఒక పరీక్ష. చార్మినార్ దగ్గర ఇరానీ చాయ్ చల్లారిపోతున్నా, "ఒక్క క్షణం, వెలుగు పడనీ!" అంటాడు మా మిత్రుడు. 120 నంబరు ఫిలింలో చదరపు బొమ్మలు 12 మాత్రమే వచ్చే రోజుల్లో అలవడిన ఓపిక అది. ఫోనుతో వందలు తీయగల ఈ రోజుల్లోనూ పోలేదు.

ఆమధ్య అయిదుగురం లేపాక్షి వెళ్ళాం. వేలాడే స్తంభం కింద కండువా ఇటునుంచి అటు లాగాం. ఏకశిలా నంది ముందు వరుసగా నిలబడ్డాం. తీరా చూస్తే ప్రతి బొమ్మలోనూ నలుగురమే! వాళ్ళ చిన్నమ్మాయి ఆల్బం తిరగేసి, "నాన్న మీతో రాలేదా, బాబాయ్?" అంది.

ఆ పిల్ల ప్రశ్న న్యాయమైనదే. మీ బృందంలోనూ అలాంటి మనిషి ఉండే ఉంటాడు. ఈసారి కెమెరా మీరు పుచ్చుకుని, అతన్ని అవతల నిలబెట్టండి. బొమ్మ కాస్త వంకరగా వచ్చినా ఫరవాలేదు.