స్కాన్‌కు భయపడకండి, ఐదో నెల దాటనివ్వకండి

భివండి పద్మనగర్‌లో చప్పుడుకు భయపడేవాళ్లు ఉండరు. సాంచాల (మరమగ్గాల) నడుమే పుట్టి పెరిగినవాళ్లం. కార్ఖానాలో పక్క మనిషికి మాట వినబడాలంటే చెవి దగ్గర నోరు పెట్టి అరవాల్సిందే. రోజుకు ఎనిమిది గంటలు పనిచేసే చోట 90 డెసిబెల్స్ మించకూడదని నిబంధన ఉన్నా, సాంచాలు నడిచే షెడ్డు ఆ గీత దాటే ఉంటుంది. వయసు మళ్లిన నేత కార్మికుడిని పిలిస్తే ఒక్క పిలుపుకు పలకకపోవడం మా వాడకట్టులో మామూలే. చెవులను నిజంగా పాడుచేసే ఈ మోతకు అలవాటు పడ్డాం. చెవికి వినబడని శబ్దానికి మాత్రం వణుకుతున్నాం.

నేను స్కాన్ సెంటర్‌లో కౌంటర్ దగ్గర కూర్చుని గర్భిణుల ఫారాలు నింపుతాను. డాక్టర్‌ను కాను. అయినా డాక్టర్‌ను అడగలేని ప్రశ్నలన్నీ తెలుగులో నా దగ్గరికే వస్తాయి. ‘అక్కా, ఈ కరెంటు లోపల బిడ్డకు తగుల్తదా?’ ‘మొన్ననే తీసిన్రు, మళ్ల తీస్తే పిండం ఎండిపోదా?’ పక్కన కూర్చున్న అత్తగారు అందుకుంటుంది: ‘మా కాలంల ఈ స్కానింగులు యాడున్నయి బిడ్డా, మేం కనలేదా?’ వెనక వరస కదులుతుంటే అక్కడ రెండు ముక్కల్లో చెప్పి పంపాల్సి వస్తుంది. నేను డాక్టర్లను అడిగి తెలుసుకున్నదీ చదివిందీ ఇక్కడ తీరిగ్గా చెబుతాను.

పొట్ట మీద జిగురు రాసి పెట్టే ఆ పరికరం నుంచి కరెంటు లోపలికి పోదు. పోయేది శబ్దం. మన చెవి సెకనుకు 20 వేల కంపనాల వరకే వినగలదు. పొట్ట స్కానింగ్‌లో వాడేది సెకనుకు 30 నుంచి 50 లక్షల కంపనాల శబ్దం. అది ఒంట్లో సెకనుకు దాదాపు 1,540 మీటర్ల వేగంతో వెళ్లి, ఒక పొర మారిన ప్రతిచోటా కొంత వెనక్కి తిరిగి వస్తుంది. ఎంతసేపటికి తిరిగొచ్చిందో లెక్కగట్టి మిషన్ బొమ్మ గీస్తుంది. జిగురు ఎందుకంటే, చర్మానికీ పరికరానికీ మధ్య గాలి ఉంటే శబ్దం లోపలికి పోదు.

మా ఆడవాళ్ల భయానికి మూలం ఎక్స్‌రే. ఆ భయం ఉత్తది కాదు. కడుపుతో ఉండగా ఎక్స్‌రే తీయించుకున్న తల్లుల పిల్లల్లో క్యాన్సర్ ఎక్కువగా కనిపిస్తోందని ఆక్స్‌ఫర్డ్‌లో డాక్టర్ ఆలిస్ స్టూవర్ట్ 1956లోనే బయటపెట్టారు. అల్ట్రాసౌండ్‌లో ఆ కిరణాలు లేవు. దాని పుట్టుక తెలిస్తే మాలాంటి కార్ఖానా ఊళ్లవాళ్లకు అది మరీ పరాయిదిగా అనిపించదు. ఇనుములో కంటికి కనబడని పగుళ్లు పట్టడానికి బాయిలర్ల ఫ్యాక్టరీలో వాడే మిషన్ ఉండేది. స్కాట్లాండ్‌లో గ్లాస్గో డాక్టర్ ఇయాన్ డొనాల్డ్, ఆపరేషన్లలో తీసిన గడ్డలను 1955లో కారులో వేసుకుని రెన్‌ఫ్రూలోని అలాంటి ఫ్యాక్టరీకి పోయి, వాటిని ఆ మిషన్ కింద పెట్టి చూశారు. నీటితిత్తి ఒకలా, గట్టి గడ్డ ఇంకోలా ప్రతిధ్వని ఇచ్చాయి. టామ్ బ్రౌన్ అనే ఇంజినీరు, మెక్‌వికర్ అనే డాక్టర్ ఆయనతో కలిశారు. 1958లో వాళ్ల వ్యాసం లాన్సెట్ పత్రికలో వచ్చింది. ఈ రోజు ఊరూరా ఉన్న స్కాన్ సెంటర్లకు మొదలు అదే.

మరి దీంతో ఏ హానీ లేనే లేదా? అంత పెద్ద మాట డాక్టర్లే అనరు, నేనూ అనను. శబ్దం తగిలిన చోట కొద్దిగా వేడి పుడుతుంది, కణాలు కొద్దిగా కదులుతాయి. అందుకే స్క్రీన్ మూలన టీఐ, ఎంఐ అని రెండు అంకెలు కనబడుతుంటాయి. ఒకటి వేడికి లెక్క, ఇంకొకటి ఆ కదలికకు. గర్భిణుల విషయంలో టీఐ 0.7 దాటితే, ఎంతసేపు చూడొచ్చో ఆ అంకెను బట్టి తగ్గించుకుంటూ రావాలి. అమెరికాలో 1992లో గర్భస్థ శిశువుకు వాడే శబ్దం బలం మీద పరిమితిని చదరపు సెంటీమీటరుకు 94 మిల్లీవాట్ల నుంచి 720కి పెంచారు. పాత పరిశోధనలు చాలావరకు అంతకుముందు మిషన్ల మీద జరిగినవే కాబట్టి జాగ్రత్త ఇంకా అవసరమైంది. నార్వేలో స్కాన్ జరిగిన పిల్లలను బడి వయసులో పరీక్షించి 1993లో ఫలితాలు ప్రకటించారు. నరాల ఎదుగుదలలో తేడా రాలేదు. కుడిచేతి వాటం కానివాళ్లు కాస్త ఎక్కువగా కనిపించారు. దశాబ్దాల వెతుకులాటలో ఇలాంటి చిన్న చిన్న సూచనలే తప్ప, రోజువారీ స్కానింగ్ వల్ల బిడ్డకు కీడు జరిగిందని రుజువు కాలేదు.

కాబట్టి నియమం ఒకటే: అవసరమైనంతే, అవసరమైనంతసేపే. మొదటి మూడు నెలల్లో రక్తం పారే తీరు చూసే డాప్లర్‌ను ఊరికే వాడకూడదు. బిడ్డ మొహం ఫొటో స్టేటస్‌లో పెట్టుకోవాలని ఇంకోసారి తీయమనేవాళ్లు, గుండె చప్పుడు వినడానికి ఆన్‌లైన్‌లో చిన్న మిషన్లు కొనుక్కునేవాళ్లు మా దగ్గరా తయారవుతున్నారు. ఇలాంటివి వద్దని అమెరికా ఎఫ్‌డీఏ 2014లోనే హెచ్చరించింది. ఇంట్లో మిషన్‌తో నాకున్న భయం వేరు. తల్లి గుండె చప్పుడునే బిడ్డదనుకుని, కదలికలు తగ్గినా ‘మంచిగనే ఉంది’ అని ఇంట్లో కూర్చుంటారు.

పద్మనగర్‌లో నేను చూస్తున్న అసలు ప్రమాదం స్కాన్ ఎక్కువ కావడం కాదు, వేళకు జరగకపోవడం. 24 వారాల లోపు ఒక్క స్కాన్ అయినా ప్రతి గర్భిణికీ జరగాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2016లో చెప్పింది. మావాళ్లు ఏడో నెలలో వస్తారు. కాన్పుకు తల్లిగారింటికి, సిరిసిల్లకో కరీంనగర్‌కో పోయే ముందు ‘ఒకసారి చూపిద్దాం’ అని. మాయ కిందికి ఉండి గర్భసంచి మూతిని కమ్మేసిందని అప్పుడు తేలుతుంది. బస్సు టికెట్ చేతిలోనే ఉంటుంది. అలాంటి పిల్లకు రాత్రంతా బస్సులో కుదుపులతో ప్రయాణం ఎందుకు కూడదో, రక్తం పోవడం మొదలైతే దారిలో దిక్కెవరో అప్పటికప్పుడు ఇంటిల్లిపాదికీ చెప్పి ఒప్పించాలి. మొదటి మూడు నెలల్లో స్కాన్ తీయకపోతే కాన్పు తారీఖు కూడా గట్టిగా చెప్పలేరు. నెలలు పెరిగేకొద్దీ పిల్లల సైజుల్లో తేడా వస్తుంది కాబట్టి లెక్క సడలిపోతుంది.

ఐదో నెల స్కాన్ మరీ ముఖ్యం. గుండె గదులు, వెన్నెముక, తలలో నీరు, కిడ్నీలు అప్పుడే వివరంగా కనబడతాయి. పెద్ద లోపం బయటపడితే తల్లిదండ్రులు ఆలోచించుకోవడానికి కాస్త వ్యవధి ఉంటుంది. 2021లో సవరించిన చట్టం ప్రకారం 24 వారాలు దాటాక గర్భం తీయించుకోవాలంటే మెడికల్ బోర్డు ముందుకు పోవాల్సిందే. బీడీలు చుట్టే, కండెలు చుట్టే చేతులకు ఒక పూట సెలవంటే ఒక పూట కూలి పోవడమే. అది నాకు తెలుసు. జననీ శిశు సురక్ష కార్యక్రమం కింద 2011 నుంచి సర్కారు దవాఖానల్లో గర్భిణులకు స్కాన్ ఉచితం. 2016 నుంచి ప్రతి నెల 9న ప్రధానమంత్రి సురక్షిత మాతృత్వ అభియాన్ కింద ప్రత్యేక పరీక్షలు జరుగుతున్నాయి. ఈ మాట మా గల్లీల్లో చాలామందికి చేరనేలేదు.

ఇదే శబ్దం మగవాళ్లకూ ముసలివాళ్లకూ పనికొస్తోంది. కంట్లో శుక్లాన్ని నుజ్జు చేసి పీల్చేసే పద్ధతిని న్యూయార్క్‌లో చార్లెస్ కెల్మన్ 1967లో మొదలుపెట్టారు. ఇవాళ చిన్న కోతతో జరిగే శుక్లం ఆపరేషన్లు చాలావరకు దాని వంశమే. సాంచా కొట్టి కొట్టి భుజాలు పట్టేసినవాళ్లకు ఫిజియోథెరపీలో పెట్టే మిషన్ కూడా అల్ట్రాసౌండే. దాంతో నొప్పి తగ్గుతుందనడానికి ఆధారాలు బలంగా లేవు. కాబట్టి డబ్బంతా దాని మీద పెట్టకండి, చెప్పిన వ్యాయామం మానకండి. గర్భిణి పొట్ట మీద, నడుము మీద మాత్రం ఆ మిషన్ పెట్టించకూడదు.

ఇక అందరూ గుసగుసగా అడిగే ప్రశ్న: ‘ఏం కనబడ్డది?’ లింగ నిర్ధారణ మీద దేశంలో మొదట చట్టం తెచ్చింది మహారాష్ట్రే, 1988లో. కేంద్ర చట్టం 1994లో వచ్చింది. అయినా ఆరేళ్లలోపు పిల్లల్లో ప్రతి వెయ్యిమంది మగపిల్లలకు ఆడపిల్లలు ఈ రాష్ట్రంలో 2001లో 913 ఉంటే 2011కి 894కు పడిపోయారు. బిడ్డకు తాకే శబ్దం గురించి ఇంత ఆరాతీసే కుటుంబం ఈ ప్రశ్న వేయడం చూస్తే నాకు కడుపు రగులుతుంది. అడిగినవాళ్లకూ జైలుందని ముఖం మీదే చెబుతాను. భార్య అడిగితే, భర్తో అత్తింటివాళ్లో బలవంతం చేసి అడిగించారనే చట్టం మొదట భావిస్తుంది. వట్టి రాతకోతల పొరపాట్లకు డాక్టర్లను శిక్షిస్తున్నారని వైద్య సంఘం సుప్రీంకోర్టుకు వెళ్లింది. ఫారం ఎఫ్ సరిగా నింపకపోవడాన్ని చిన్న పొరపాటుగా తీసేయలేమని కోర్టు 2019 మేలో తేల్చింది. ఆ ఫారం రోజూ నింపేదాన్ని నేను. తీర్పు సరైనదే అంటాను. ఎవరు, ఎన్నో నెలలో, ఎందుకు స్కాన్‌కు వచ్చారో చెప్పే కాగితం అదొక్కటే.

అదే ఫారంలో ‘నా బిడ్డ ఆడో మగో తెలుసుకోవాలనుకోవడం లేదు’ అని తల్లి సంతకమో వేలిముద్రో పెట్టాలి. నా ఎదురుగా కూర్చునేవాళ్లలో సగానికి సగం మంది ఆ వాక్యం చదవలేరు. గోడ మీద బోర్డు మరాఠీలో, ఇంగ్లిష్‌లో ఉంటుంది. నేను తెలుగులో చదివి వినిపిస్తాను, అర్థమైందన్నాకే వేలు పెట్టిస్తాను. కానీ ఇది ఒక కౌంటర్ దగ్గర కూర్చున్న మనిషి ఓపిక మీద నిలవాల్సిన పని కాదు. తెలుగు తల్లులు వచ్చే ప్రతి సెంటర్‌లో చట్టం బోర్డు తెలుగులోనూ పెట్టాలని, రిపోర్టులో ముఖ్యమైన మాటలు తెలుగులో చెప్పించాలని మున్సిపల్ కార్పొరేషన్‌ను అడుగుతున్నాను. మన పద్మశాలి సంఘాల పెద్దలకూ ఒక విన్నపం. ప్రతి నెల 9న సర్కారు దవాఖానలో తెలుగు, మరాఠీ రెండూ వచ్చిన ఒక ఆడమనిషిని కూర్చోబెట్టండి. ఏ నెలలో ఏ స్కాన్ తీయించాలో, అది ఎక్కడ ఉచితమో ఒక్క కాగితం అచ్చు వేయించి కార్ఖానాల గేట్ల దగ్గర పగార్ రోజున మగవాళ్ల చేతుల్లో పెట్టండి.