విజ్ఞానమునకు జాతకము వ్రాయు పండితులు

మొన్న మా పట్టణమున జరిగిన యొక సభలో, బహుగ్రంథపరిచితులని పేరొందిన ఉపన్యాసకులొకరు, ఆధునిక విజ్ఞానశాస్త్రము క్రైస్తవ జగద్దృష్టినుండియే పుట్టినదనియు, జగత్తును మిథ్యగాను కాలమును చక్రముగాను భావించు దేశములలో నది పుట్టుటకు వీలే లేదనియు సెలవిచ్చి, నిండుసభ చేత కరతాళధ్వనులు చేయించుకొనిరి. ఈ మాట వారి సొంతము కాదు. 1925లో అమెరికాలో ఉపన్యసించిన ఆంగ్ల తత్త్వవేత్త వైట్‌హెడ్ మధ్యయుగపు దైవశాస్త్రమును గూర్చి చేసిన యూహను తరువాతివారు సిద్ధాంతము చేసిరి. మనవారు దానిని వేదవాక్యము చేసికొనిరి.

సృష్టికర్త బుద్ధిశాలి గనుక సృష్టియందు నియమముండి తీరునని నమ్మినవారే ఆ నియమమును వెదకిరట! నమ్మకమే చాలునేని, 330 మొదలు 1453 వరకు ఇంచుమించు నిరంతరముగా క్రైస్తవ సామ్రాజ్యమునకు రాజధానియై, గ్రీకుల గ్రంథములు చేతికందునంత దూరములోనే యుండగా, కాన్‌స్టాంటినోపులు నగరము ఒక్క గెలీలియోనైనను కనలేకపోవుటకు కారణమేమి? నాలుగవ శతాబ్దముననే క్రైస్తవమును స్వీకరించిన అక్సుము రాజ్యమేమి పాపము చేసినది? ఆ సృష్టికర్తయే, ఆ త్రిత్వమే, ఆ సువార్తలే. పదునైదు వందల యేండ్లు నిద్రించి, పశ్చిమ ఐరోపాలోని కొన్ని పట్టణములలో మాత్రమే మేల్కొను కారణమును నేనెరుగను. బిడ్డ పుట్టి పెరిగి పెద్దవాడై ధనము గడించిన పిమ్మట, వెనుకకు లెక్కకట్టి రాజయోగము వ్రాసి యిచ్చు జ్యోతిష్కుని పని యిది.

మిథ్యావాదమను మాట చెవిని బడగానే మనలోని విద్యావంతులే తలలు వంచుకొనుట నాకు అన్నిటికంటె ఏవగింపు కలిగించుచున్నది. భూమి తనచుట్టు తాను తిరుగుచున్నదని 499లో ఆర్యభటుడు చెప్పెను. ఇరువదివేల వ్యాసముగల వృత్తమునకు పరిధి సుమారు 62,832 అని కట్టెను. ఆ భూభ్రమణమును ఖండించిన బ్రహ్మగుప్తుడు 628లో శూన్యముతో గణితము చేయుటకు నియమములు కూర్చెను. గ్రహణమును మిథ్యయని త్రోసివేయువాడు దాని స్పర్శమోక్షకాలములు గుణించుటకు ఇంత శ్రమపడునా? ఇక కాలచక్రమందురా, ఆర్యభటుడు గ్రహముల భగణములను చెప్పినది 43,20,000 సంవత్సరముల మహాయుగమునకే; వీరు సంకెలయని చూపుచున్న ఆ చక్రమే ఆయనకు గణనసాధనమైనది. మన పావులూరి మల్లన తెనిగించిన గణితసారసంగ్రహమును సంస్కృతమున రచించిన మహావీరాచార్యుడు జైనుడు, అనగా సృష్టికర్తనే యంగీకరింపనివాడు! ఆయన భిన్నములు తప్పినవని మాత్రము ఎవరును చెప్పలేదు. పురాణవిమానములను జూచి మురిసిపోవు మన ఛాందసుల మాట నేనిక్కడ ఎత్తను. వారు వ్రాయు జాతకము ఇంతకంటెను హాస్యాస్పదము.

కెప్లరు, న్యూటను భక్తులు కారా యందురు. అగుదురు గాక. కెప్లరునకు లింజులో స్వమతాచార్యులే ప్రభుభోజనమును నిరాకరించిరి. న్యూటను త్రిత్వమునందలి తన అవిశ్వాసమును జీవితాంతము దాచుకొనెను. ఈ భక్తులలో ఎవరి జగద్దృష్టిని మనము కారణముగా గైకొనవలెను? గెలీలియోకు 1633లో జరిగిన పరాభవము లోకవిదితము. దానినే పట్టుకొని మతవిజ్ఞానములకు జన్మవైరమని కేకలు వేయువారితోను నాకు పొత్తు లేదు.

మరి కారణమేమన, అచ్చుయంత్రమును, సముద్రవ్యాపారమును, చేతిపనివారిని చూడుడని చెప్పుదును. వివరముగా వ్రాయుటకు నాకంటె సమర్థులు పూనుకొందురు గాక. 1608లో దూరదర్శిని నిర్మాణమునకు హక్కుపత్రము కోరినవాడు మిడిల్‌బర్గులో కండ్లద్దములు చేయువాడు. గెలీలియో 1638లో అచ్చయిన తన గ్రంథమును ఆరంభించినది వెనీసు నౌకానిర్మాణశాలలోని పనివారి ప్రశంసతో. ఆ పనివారు ఆదివారమున చర్చికి పోవుచుండిరనుటకు నాకు సందేహము లేదు. అయితే ఓడ పెద్దదైనకొలది దానికి ఊతమెంత హెచ్చుగా నీయవలెనో వారు అక్కడ నేర్చుకొనలేదు.