నయాపైసాకి చింతపండు వద్దు

నాణేలు సేకరించేవాళ్ళలో పంక్తిభేదం చాలా ఎక్కువ. మొదటి పంక్తిలో కోటిలింగాల శాతవాహన నాణేల గురించి మాట్లాడేవాళ్ళు కూర్చుంటారు. తర్వాత విజయనగర వరహాలవాళ్ళు, అసఫ్‌జాహీ అష్రఫీలవాళ్ళు, ఆ పక్కన విక్టోరియా రాణి వెండి రూపాయలవాళ్ళు. 1957 తర్వాతి దశాంశ నాణేలు పోగేసేవాడికి విస్తరి కూడా వెయ్యరు. “అవా? మా ఇంట్లో డబ్బా నిండా ఉన్నాయండీ” అంటారు, అదే పెద్ద వాదన అయినట్టు.

ఆ డబ్బాతోనే నా తగాదా. అలాంటి డబ్బాలు చాలా చూశాను. నల్లబడ్డవి, సొట్టలు పడ్డవి, సింహాల మొహాలు అరిగి నున్నగా అయిపోయినవి, అన్నిటికంటే ఘోరం, పండక్కి ఇత్తడి చెంబులతో పాటు తోమేసినవి. టంకశాలలోంచి ఎలా బయటికొచ్చిందో అలాగే ఉన్న నయాపైసా ఒక్కటి తియ్యండి చూద్దాం. డబ్బా మొత్తం కింద బోర్లించినా దొరకదు. కోట్లలో అచ్చేసిన నాణెం గనక మంచి స్థితిలో కూడా బోలెడు మిగిలి ఉంటాయని ఎవరు చెప్పారు మీకు? సంగతి తిరగబడి ఉంటుంది. విలువైన మొహరీని పుట్టిన రోజునుంచీ దాచుకున్నారు. పైసాని ఎవడు దాస్తాడు? కిళ్ళీ కొట్టుకీ బస్సు కండక్టరుకీ గుడి హుండీకీ తిరిగింది.

ఇంతకీ అది దాచుకోదగ్గ వస్తువా అంటే, చెప్తాను. 1955లో నాణేల చట్టాన్ని సవరించారు, 1957 ఏప్రిల్ 1న అది అమల్లోకి వచ్చింది. అప్పటిదాకా రూపాయికి పదహారు అణాలు, అరవై నాలుగు పైసలు, నూట తొంభై రెండు పైలు. ఒక్క రోజులో రూపాయి నూరు ముక్కలైంది. పాత పైసాతో కలిసిపోకుండా కొత్తదానికి నాణెం మీదే ‘నయా’ అని పేరు పెట్టారు. 1964 జూన్ 1 దాకా ఆ మాట ఉంది. పాత అణాలు కూడా కొన్నాళ్ళు పక్కపక్కనే చెల్లాయి. లెక్క సరిపోదు కదా, అణాకి ఆరుంపావు నయాపైసలు. పావు పైసా ఎక్కడినుంచి తెస్తారు? అందుకని ఒక అణాకి ఆరు, రెండణాలకి పన్నెండు, మూడణాలకి పంతొమ్మిది, నాలుగణాలకి ఇరవై అయిదు అని పట్టిక వేశారు. నాలుగు అణాలు విడివిడిగా నాలుగుసార్లు మార్చుకుంటే ఇరవై నాలుగు పైసలే చేతికొస్తాయి, ఒక్కసారే మార్చుకుంటే ఇరవై అయిదు. సంతలో ఆ ఒక్క పైసా ఎవరి జేబులోకి పోయి ఉంటుందో మీరే ఊహించుకోండి.

మరి చదువురాని మనిషి ఆ కొత్త బిళ్ళల్ని ఎలా గుర్తుపట్టాలి? చేత్తో తడిమి. ఒక పైసా చిన్న గుండ్రని కంచుబిళ్ళ. రెండు పైసలకి అంచు పూరేకుల్లా వంకీలు. అయిదు పైసలది మూలలు మొద్దుబారిన నలుచదరం. పది పైసలది మళ్ళీ వంకీల అంచే, కానీ పెద్దది. చీకట్లో కూడా లెక్కపెట్టుకోవచ్చు. దీని వెనక ఆలోచన చేసిన మనిషెవరో గానీ ఏ వరహా చెక్కినవాడికీ తీసిపోడు.

మనవాళ్ళు ఎవరూ పట్టించుకోని ఇంకో సంగతి. అయిదో జార్జి కాలపు అణా బిళ్ళ తిప్పి చూడండి, ఇంగ్లీషు, ఉర్దూ, బెంగాలీ, నాగరి లిపుల పక్కన ‘ఒక అణా’ అని చక్కగా తెలుగులో ఉంటుంది. నయాపైసా మీద తెలుగు లేదు. రూపాయిలో నూరో భాగం అని హిందీలో ఉంటుంది. పరాయి రాజు బిళ్ళ మీద ఉన్న మన అక్షరం సొంత రాజ్యం బిళ్ళ మీద లేదు. నోటు మీద మాత్రం ఉంచారు, పక్కన పేర్చిన భాషల్లో ఒకటిగా. భాష గురించి ఇన్ని వ్యాసాలు రాసుకుంటాం, ఈ నాణెం ఒక్కరు కూడా ఎత్తి చూపించరేం? అరిగిపోయిన బిళ్ళ మీద ఆ హిందీ అక్షరాలు కూడా సరిగా కనబడవు, అదీ ఒక కారణమే.

అసలు వాదన ఇక్కడే వస్తుంది. “పదిమంది చేతులు మారి అరిగిన నాణెంలోనే చరిత్ర ఉంది, అరగనిది ఉత్త రేకుముక్క” అనేవాళ్ళున్నారు. వినడానికి బావుంటుంది. కవిత్వం రాసే మిత్రులకి మరీ నచ్చుతుంది. కానీ అరిగిన బిళ్ళ నాకు చెప్పేది ఒకటే, దాన్ని వాడారని. ఆ సంగతి నాకు తెలుసు, డబ్బంటేనే వాడేది. ఏం తయారు చేశారు, అచ్చు ఎంత నిశితంగా చెక్కారు, సింహం జూలు గీతలెన్ని, సంవత్సరం కింద ఉన్నది హైదరాబాదు టంకశాల నక్షత్రమా బొంబాయి వజ్రమా, ఇవన్నీ అరగని బిళ్ళే చెప్పాలి. మీ అమ్మమ్మ కొంగున కట్టుకున్న పైసా ఉంటే దాన్ని తప్పకుండా దాచుకోండి, దానికి నేను అడ్డురాను. అది మీ అమ్మమ్మ జ్ఞాపకం. రెండూ ఒకటి కావు.

అరగనిది అంటే మెరిసేది అని కాదు. ఈ పొరపాటు మీదే సగం వ్యాపారం నడుస్తోంది. అచ్చు దెబ్బ పడగానే లోహం మధ్యనుంచి అంచులవైపు పారి, కంటికి ఆనని సన్నటి గీతలు పడతాయి. బిళ్ళని దీపం కింద వంచి తిప్పితే వెలుగు బండిచక్రం ఆకుల్లా తిరిగేది వాటివల్లే. ఒకసారి తోమితే ఆ గీతలు పోతాయి. తర్వాత ఎంత పాలిష్ పెట్టినా తిరిగి రావు. టంకశాల సంచీలో ఒకదానికొకటి తగిలి పడ్డ చిన్న గాట్లు పరవాలేదు. కంచు కాలంతో పాటు గోధుమరంగుకి తిరిగినా పరవాలేదు, అది దాని వయసు. చింతపండు పులుసులో నానబెట్టి, బూడిదతో రుద్ది గులాబీరంగు తేలిస్తే మాత్రం అది చచ్చిన నాణెం. అలాంటివాటిని ‘యూఎన్‌సీ’ అని చీటీ పెట్టి అమ్ముతున్నారు. కొనేవాళ్ళు మురిసిపోతున్నారు.

ఇక లక్షలు వస్తాయని చెప్పే వీడియోలు. పాత అయిదు పైసలుంటే మీ దశ తిరుగుతుందని, ముందు కాస్త కమిషన్ కట్టమని. రిజర్వు బ్యాంకు పేరు కూడా వాడేస్తుంటే ఆ బ్యాంకే 2021 ఆగస్టులో మాకు సంబంధం లేదని ప్రకటన ఇవ్వాల్సొచ్చింది. అమ్మడానికని జనం డబ్బా దించి, ‘నీటుగా’ కనబడాలని ముందు చేసే పని మళ్ళీ చింతపండే.

రెండో రోగం డబ్బున్నవాళ్ళది. 1949లో షెల్డన్ అనే ఆయన తొలినాటి అమెరికన్ సెంట్ల కోసం ఒకటినుంచి డెబ్భై దాకా ఒక కొలత పెట్టాడు. ఇప్పుడు దాన్ని ప్రపంచంలో ప్రతి బిళ్ళకీ అంటిస్తున్నారు. నాణేన్ని పంపిస్తే అంకె వేసి ప్లాస్టిక్ పెట్టెలో సీలు చేసి ఇస్తారు. నకిలీల సంతలో దానివల్ల ఉపయోగం లేదనను. కానీ అరవై అయిదుకీ అరవై ఆరుకీ తేడా చెప్పమంటే కొనేవాడు బిళ్ళ కాదు, చీటీ చూస్తాడు. నయాపైసా విలువ కంటే ఆ పెట్టె ఖర్చు ఎన్నో రెట్లు. మంచి స్థితిని వెతకమంటే అంకెల్ని వెతకమని కాదు నా ఉద్దేశం. కన్ను అలవాటు కావాలి, దానికి భూతద్దమూ టేబుల్ లైటూ చాలు.

తొందర ఎందుకంటే, 1964నుంచి అల్యూమినియం వచ్చి మెల్లగా కంచునీ కుప్రో నికెల్‌నీ చిల్లరలోంచి తరిమేసింది. 2011 జూన్ 30 నుంచి పావలా, అంతకన్నా చిన్న బిళ్ళలేవీ చెల్లవన్నారు. చెల్లని బిళ్ళని తూకానికి వేస్తారు. ఆ తూకంలో అరిగినదీ అరగనిదీ ఒకటే ధర. కొత్తగా పెళ్ళయిన ఏ గుమాస్తానో 1957 ఏప్రిల్‌లో సరదాకి కాగితంలో చుట్టి పెట్టెలో పడేసిన నాలుగు నయాపైసలు ఎక్కడో ఇంకా ఉండే ఉంటాయి. ఇల్లు పంచుకునేటప్పుడు ఆ పొట్లం బయటపడుతుంది. విప్పినవాళ్ళు అంచులు పట్టుకుని తియ్యండి, వేలిముద్ర పడితే కంచు మీద అలాగే ఉండిపోతుంది. పీవీసీ కవరులో వెయ్యకండి, కొన్నేళ్ళకి పచ్చటి జిగురు పడుతుంది; మైలార్ అని అడగండి, ఇస్తారు. కడగకండి. మీకు అక్కర్లేకపోతే నాకు చెప్పండి, ధర మీరే అడగండి.