గుట్ట మీద మొదటి పేరు ఎవరిది?

మన చరిత్రను మింగిండ్రని ఆంధ్ర పాలకుల మీద కొట్లాడినం. మరి కోయల చరిత్రను మింగింది ఎవరు?

భద్రాచలం ముచ్చట ఎవరు చెప్పినా తహసీలుదారు కంచర్ల గోపన్నతోనే మొదలైతది. సర్కారు శిస్తుతోని గుడి కట్టిండు, తానీషా గోల్కొండ జైల్ల పెట్టిండు. సరే. ఆ శిస్తు ఎవరి చెమట? గుడి లేనప్పుడు ఆ గుట్ట ఎవరిది? దేవుణ్ణి మొదలు చూసి, పందిరేసి, తాటిపండు నైవేద్యం పెట్టింది పోకల దమ్మక్క అని స్థలపురాణమే చెప్తది. గోపన్న రామదాసై సినిమాలకెక్కిండు. దమ్మక్కకు మిగిలింది రెండు వాక్యాలు.

మేడారంలనూ గంతే. కాకతీయుల కోటలు, చెరువులు చరిత్రనట. కప్పం కట్టేది లేదని ఆ రాజులనే ఎదిరించిన సమ్మక్క సారలమ్మలది ఉత్త భక్తి కథనట! శాసనం చెక్కించినోడిదే చరిత్రయితే, రాయి మోసినోడికి తాత ముత్తాతలు లేరా?

ఇది పుస్తకాల పంచాయితీ కాదు. 2014ల పోలవరం కోసం ఏడు మండలాల పల్లెలను ఆంధ్రల కలిపిండ్రు. రాముని గుడి ఉన్న పట్నం మనకు మిగిలింది. చింతూరు, కూనవరం గూడేలు ముంపు లెక్కల పోయినయి. భద్రాచలం తాలూకా 1959 దాకా తూర్పుగోదావరిదని ఆంధ్ర నాయకులు, ఆ తర్వాత ఖమ్మందని మనం. ఈ జిల్లాలు పుట్టకముందు ఆ అడివి ఎవరిదని ఒక్కరన్న అడిగిండ్రా?

అదే సంవత్సరం మన రాజముద్ర మీదికి కాకతీయ తోరణం ఎక్కింది. దమ్మక్క ఎక్కలేదు. బడి పుస్తకంల భద్రాచలం పాఠం కోయగూడెంతోని మొదలు కావాలె. చరిత్రల పేరు లేనోళ్లను పటం మీదికెళ్లి తుడిచేసుడు అల్కటి పని. మన కండ్ల ముందటనే చూసినం గద!